బందం విప్పని మా దింపులాయన

మా కొబ్బరితోటలో నలభై ఏళ్ళకు పైగా దింపు తీసిన, అంటే చెట్లెక్కి కాయలు దింపిన ఆయన పోయిన సోమవారం తెల్లవారుజామున అమలాపురం ఆసుపత్రిలో కన్నుమూశారు. కబురు వాళ్ళ అబ్బాయి తెచ్చాడు. మోటారుసైకిలు వీధిలోనే ఆపి, అరుగు కింద నిలబడి, "నాన్న ఎళ్ళిపోయేరండి. మీకు ఫోనులో చెప్పొద్దు, మనిషెళ్ళి చెప్పాలని అమ్మ అందండి" అన్నాడు. జ్వరం ముదిరి ఊపిరితిత్తుల్లోకి దిగిందట. నాలుగు రోజులు ఆసుపత్రి మంచం మీద ఉన్నారట. వెళ్ళి చూద్దామనుకుంటూనే, వాన తెరిపి ఇవ్వలేదన్న నెపంతో నేను ఇంట్లో ఆగిపోయాను. ఇక ఆ నెపం అవసరం తీరిపోయింది.

పండితుల మీద, దాతల మీద సంస్మరణలు రాయమని నన్ను అడిగినవారు ఉన్నారు. రాశాను. ఈయన మీద రాయమని ఎవరూ అడగలేదు. అడగనిదే రాయవలసినంత మేలు ఆయన వల్ల నాకు జరిగింది. చదువరులలో రోజూ రక్తపోటు మాత్ర మింగేవారు కొందరైనా ఉంటారు గనుక, వారికీ ఇది పనికిరావచ్చు.

నేను ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. కార్తీకంలో నెల పొడుగునా సాయంత్రాలు మా ఊరి రామమందిరంలో పురాణం చెబుతాను. ఆయన నాకంటే రెండేళ్ళు చిన్న. రెండు నెలలకోసారి వచ్చి, మా చెట్లెక్కి ముదిరిన గెలలు కోసేవారు. ఎక్కబోయే ముందు చెట్టు మొదలుకు చేయి ఆన్చి కళ్ళకద్దుకునేవారు. ఆ తరువాత రెండు పాదాలనూ కలిపి బందం తగిలించుకునేవారు. పీచుతో పేనిన ఆ తాడు ఉచ్చు పాదాలను మానుకు అంటిపెట్టి ఉంచుతుంది. అంత ఎత్తున మనిషికి అదొక్కటే ఆధారం. పైకి చేరాక ఊరి వార్తలన్నీ అక్కడినుంచే వినిపించేవారు. "పంతులుగారండీ, కాలవ గట్టుమీద కూరగాయల ఆటో దిగబడిపోయిందండి. ఇయ్యాల్టికి పప్పే గతని అమ్మగారితో చెప్పండి" అనేవారు.

అక్షరజ్ఞానం సంతకం వరకే. చెవి మాత్రం నిశితమైనది. మందిరంలో చివరి స్తంభానికి ఆనుకుని కూర్చునేవారు. ఒకే పద్యాన్ని నేను రెండు రోజులు చదివితే, మర్నాడు చెట్టెక్కుతూ, "నిన్న ఆ పద్యం ఇంకోలాగ ఇరిచేరండి. మొన్నటిదే బాగుందండి" అనేవారు. ఆలోచించి చూస్తే మొన్నటిదే బాగుండేది.

మా ఇద్దరికీ రక్తపోటు ఒకే రోజున బయటపడింది. బడి ఆవరణలో పరీక్షలు చేస్తున్నారంటే వెళ్ళాం. పక్కపక్క కుర్చీలలో కూర్చున్నాం. నర్సమ్మగారు ముందు ఆయన చేతికి పట్టీ బిగించి, అంకె చూసి, మళ్ళీ బిగించింది. తరువాత నాకు చూసి, "మీరిద్దరూ కలిసి మాట్లాడుకుని వచ్చేరాండి?" అని అడిగింది. డాక్టరుగారు ఇద్దరికీ రోజుకొక మాత్ర రాసి, "పొద్దున్న టిఫిన్ తిన్నాక వేసుకోండి" అన్నారు. ఆయనతో మాత్రం, చెట్లెక్కడం మానేయమని అదనంగా చెప్పారు.

తిరిగి వస్తూ దారిలో ఆయన ఆగి, "పంతులుగారండీ, ఈ మాట మన మధ్యే ఉండాలండి" అన్నారు.

"ఏం?"

"బీపీ ఉన్నోడికి దింపెవరిత్తారండి? పడితే తమ నెత్తిమీదకొత్తాదని బయపడతారు కదండి."

అప్పుడు నేను ఎక్కవద్దని చెప్పవలసింది. చెప్పలేదు. మా చెట్లు ఎక్కడానికి మరొకరు దొరకరన్న ఆలోచన ముందుగా వచ్చింది. ఈ సంగతి దాచి ఆయనను స్మరించడం న్యాయం కాదు.

ఈ జబ్బులోని చిక్కంతా అది నొప్పి పెట్టకపోవడంలోనే ఉంది. కాలిలో ముల్లు దిగితే ఎవరూ చెప్పకుండానే కూర్చుని తీసుకుంటాం. ఏ బాధా లేని రోజున, ఏ బాధా లేని మనిషి మందు మింగాలంటే అందుకు వేరే రకపు నిష్ఠ కావాలి. ఆయన దీన్ని తన ధోరణిలో చెప్పేవారు. "ఇది మాటాడని చుట్టం లాంటిదండి. ఎందుకొచ్చేడో చెప్పడు, ఎప్పుడెళ్తాడో చెప్పడు. మనం మర్చిపోయేమనుకో, అప్పుడు మాటాడతాడు."

ఉప్పు సంగతి వచ్చేసరికి మా రెండిళ్ళూ ఒకటే. ఎండుచేప లేనిదే ఆయనకు ముద్ద దిగదు. వారి ఇల్లాలు మా పెరట్లో కాయలు పోగు చేస్తూ మా ఆవిడతో మొరపెట్టుకునేది. "ఉప్పు తగ్గిత్తే ఈయన కంచం తోసేత్తారండి. తగ్గించకపోతే నర్సమ్మగారు నన్ను తిడతారండి. ఎవరిచేత తిట్టించుకుంటే మంచిదో మీరే చెప్పండి."

మా ఆవిడ నావైపు చూసి, "మా ఇంట్లో తిట్టేది నేనే, తిట్టించుకునేదీ నేనే. ఇన్ని శ్లోకాలు పలికిన నాలుక ఆవకాయ జాడీ ముందు మోకరిల్లుతుంది" అన్నది.

ఎండుచేపను రెండు రోజులకొకసారికి, తరువాత వారానికొకసారికి ఆయన తగ్గించుకున్నారు. నేను ఆవకాయను తగ్గించుకున్నానని చెప్పుకున్నాను. చుట్ట కూడా ఆయన ఏడాదికి పైగా పెనుగులాడి మానేశారు.

మాత్ర మొదలైన తరువాత వచ్చిన తొలి కార్తీకంలో జరిగినది చెప్పాలి. ఆ ఏడు ఆయన నెలంతా నక్తం పట్టారు. అంటే పగలంతా ఉపవాసం, చుక్కలు కనబడ్డాకే భోజనం. నేను ఏటా చేసేదే. మూడో రోజో నాలుగో రోజో పురాణంలో వ్రతమహిమ వచ్చింది. శ్రోతలు నిండుగా ఉన్నారు, గొంతు బాగా పలుకుతోంది. "శరీరం ఏది లేనిదే నేను ఉండలేనంటుందో, దానిని విడిచినవాడే వ్రతం చేసినవాడు" అని ఒక వాక్యం చెప్పాను. నాకే నచ్చి రెండోసారి కూడా చెప్పాను. సభ తలలూపింది.

నేను గాని ఆయన గాని ఆ నెల మొదటి నుంచీ మాత్ర వేసుకోవడం లేదు. డాక్టరుగారు టిఫిన్ తిన్నాక అన్నారు. టిఫిన్ లేదు. కనుక మాత్ర లేదు. చదువుకున్నవాణ్ణి నేనూ, చదువుకోనివారు ఆయనా, ఒకరికొకరు చెప్పుకోకుండానే ఈ ఒకే తర్కానికి వచ్చాం. నాది ఇంకొక మెట్టు పైన. రాత్రి తినేది వ్రతభోజనమే గాని టిఫిన్ కాదని నాకు నేనే వ్యాఖ్యానం కూడా చెప్పుకున్నాను.

పదమూడో రోజున మా తోటలో దింపు. నేను అరుగుమీద కూర్చుని సాయంకాలపు కథ చూసుకుంటున్నాను. గెలలు పడుతున్న చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. కొంతసేపటికి గాని ఆ నిశ్శబ్దం నా చెవిన పడలేదు. తోటలోకి వెళ్ళి చూస్తే ఆయన పైన మొవ్వును రెండు చేతులా కావలించుకుని, కమ్మల్లో ముఖం దాచుకుని ఉన్నారు. కింద ఆయన ఇల్లాలు కదలకుండా నిలబడి ఉంది.

"ఏమయ్యా, ఏమైంది?" అన్నాను.

"ఏం లేదండి. లోకం కొంచెం తిరుగుతుందండి. అదాగేక దిగుతాను" అని పైనుంచి మెల్లగా అన్నారు.

నేను తాడు, నిచ్చెన, మనుషులు అంటూ కంగారు పడుతున్నాను. ఆవిడ చెయ్యెత్తి నన్ను ఆపింది. అరవలేదు, ఏడవలేదు. పక్కన కూర్చున్న మనిషిని అడిగినట్టే పైకి చూసి అడిగింది. "ఏమండీ, ఆ వ్రతమహిమ చెప్పినేళ పురాణానికి నేను రాలేదు కదా. పంతులుగారు ఏం చెప్పేరో చెప్పండి."

మాట ఆగితే మనిషి పట్టు తప్పుతుందని ఆమెకు తెలుసు. ఆయన చెప్పసాగారు. ఒక్కొక్క మాటకూ ఊపిరి తీసుకుంటూ, కథ వరస తప్పకుండా చెప్పారు. రాజు పేరు మరిచిపోతే ఆమె, "పేరు పోనీండి, తరవాత" అనేది. అలా చెబుతూ చెబుతూ, "ఒళ్ళు ఏది లేకపోతే నేనుండలేనంటదో, దాన్ని ఒదిలేసినోడే వ్రతం చేసినోడంట. పంతులుగారు రెండుసార్లు చెప్పేరు" అన్నారు.

నా వాక్యం అంత ఎత్తునుంచి, అటువంటి గొంతులో నామీదకు దిగివచ్చింది. ఆ క్షణాన దానిలో ఏ సౌందర్యమూ నాకు కనబడలేదు.

చాలాసేపటికి ఆయన దిగారు. ఒక్కొక్క పట్టుకూ ఆగుతూ, బందం సరిచూసుకుంటూ దిగారు. మా ఆవిడ పిలిపించిన నర్సమ్మగారు అప్పటికే వచ్చి ఉంది. చెట్టు కిందే కూర్చోబెట్టి పట్టీ కట్టింది. అంకె చూసి పెదవులు బిగించింది.

"మాత్ర వేసుకున్నారా?"

"టిఫిన్ లేదు కదండి."

"ఎన్నాళ్ళయింది?"

"కార్తీకం వచ్చినకాడి నుంచండి."

ఆవిడ ఉపవాసానికీ మందుకూ ఉన్న తేడా గురించి ఆయనకు చీవాట్లతో సహా చెప్పి, నావైపు తిరిగి, "మీరు వేసుకుంటున్నారా మేస్టారూ?" అని అడిగింది. నేను కండువా సర్దుకున్నాను. ఆవిడ పట్టీ విప్పి నా చేతికి కట్టింది. ఆయన్ను ఆటోలో ఆసుపత్రికి పంపి మందు వేయించారు. కాసేపు ఉంచి, అంకె కొంత దిగాక ఇంటికి పంపేశారు.

ఆ సాయంత్రం మందిరానికి ఒక నిశ్చయంతో వెళ్ళాను. ఆ వ్రతమహిమ జోలికి మళ్ళీ పోకుండా కథను ముందుకు నడిపించేయాలన్నదే ఆ నిశ్చయం. తప్పును దిద్దుకోవడం వేరు, తప్పును దాటిపోవడం వేరు. రెండోదే నాకు సుఖంగా తోచింది. ఇంటి దగ్గర పడుకుని ఉండవలసిన మనిషి ఇల్లాలి భుజం పట్టుకుని వచ్చి చివరి స్తంభం దగ్గర కూర్చున్నారు. నేను మొదటి పద్యం ఎత్తుకోబోతుండగా లేచి నిలబడ్డారు. అన్నేళ్ళలో ఎన్నడూ సభలో నోరు విప్పని మనిషి.

"పంతులుగారండీ, నాకో సందేహమండి."

"చెప్పు."

"బీపీ మాత్ర ఏసుకుంటే ఉపాసం చెడుద్దాండి?"

సమాధానం ఆయనకు మధ్యాహ్నమే తెలుసు. అయినా అజ్ఞానాన్ని తనమీద వేసుకుని అడిగారు. నేను చెప్పవలసిన మాటకు దారి చేసి, పక్కకు తప్పుకున్నారు. ఇక దాటిపోవడానికి నాకు చోటు లేదు.

"చెడదు," అన్నాను. "ఔషధం వల్ల వ్రతం భంగం కాదని పెద్దలు ఏనాడో తేల్చారు. అది చదివి కూడా మరిచినవాణ్ణి నేను. పదమూడు రోజులుగా నేనూ మాత్ర వేసుకోలేదు. ఆ మధ్య వ్రతమహిమలో నేను చెప్పిన మాట మందుకు వర్తించదు. వర్తిస్తుందనుకుని ఎవరైనా మానేసి ఉంటే ఆ తప్పు వారిది కాదు, నాది."

ముందు వరసలోని ఒక ముసలావిడ, "ఈ ముక్క మొదటిరోజే చెప్పొచ్చు కదండి. నేనూ మానేసేను" అన్నది. ఆమె వెనక ఇంకొకరు, ఆ వెనక మరొకరు. చివరికి ఏడుగురు తేలారు. ముసలావిడ మళ్ళీ, "ఇప్పుడింటికెళ్ళి ఏసుకోమంటారా, పురాణమయ్యాకా?" అని అడిగింది. సభంతా నవ్వింది. నేను ఎవరి మందు సంగతి వారి డాక్టరుగారిని అడిగి తెలుసుకొమ్మన్నాను. షుగరు మందు వాడేవారు మరీ జాగ్రత్తగా అడగాలని నర్సమ్మగారు మర్నాడు ఇంటింటికీ వెళ్ళి చెప్పింది. మా ఇద్దరి మాత్రలకూ వేళ తప్పకపోవడమే ముఖ్యమనీ, టిఫిన్ మాట మాత్ర గుర్తుండడానికి చెప్పినదేననీ మా డాక్టరుగారు అన్నారు.

కొన్నాళ్ళ తరువాత ఆయనను అడిగాను. "ఆ రోజు నర్సమ్మగారి చేత చెప్పించవచ్చు కదా?"

"ఆవిడ చెప్తే తలకాయలూపుతారండి. మీరు చెప్తే మింగుతారండి."

"పోనీ నన్ను విడిగా అడగవలసింది."

"ఇడిగా అడిగితే ఇడిగానే చెప్పేవోరండి" అన్నారు. ఇంత సూక్ష్మంగా నన్ను చదివినవారు మరొకరు లేరు.

ఆ కార్తీకం వెళ్ళిన మరునాడు వచ్చి, ఇక చెట్టెక్కనని తానే చెప్పారు. తక్కిన రైతులకూ తన జబ్బు సంగతి తానే చెప్పేశారు. నేలమీద కూర్చుని కాయలు ఒలిచే పనికి మారారు. అది తేలికగా జరిగిన మార్పు కాదు. ఆ ఏడంతా మనిషి చిన్నబోయి ఉన్నారు. "పైనుంచి చూసిన ఊరు కింద కనబడదండి" అన్నారొకసారి. అంతకు మించి ఎన్నడూ అనలేదు.

ఆ సభ తరువాత ఆయనను "నువ్వు" అనడానికి నాకు నోరు రాలేదు. "మీరు" అన్న మొదటిరోజున ఆయన ఇబ్బందిగా నవ్వి, "అలాగనకండి. నాకు బీపీ పెరుగుద్దండి" అన్నారు. నేను మానలేదు. రోజూ పొద్దున్న పనికి పోతూ మా గేటు దగ్గర ఆగి, "ఏసేరాండి?" అని అడిగేవారు. "ఆయ్" అని నేను బదులిస్తే తప్ప కదిలేవారు కాదు. మరుసటి ఏడు వారి ఇల్లాలికీ అదే జబ్బు తేలింది. పొద్దున్నే ఇద్దరూ ఒకే చెంబు నీళ్ళతో మాత్రలు వేసుకునేవారని విన్నాను.

ఒకప్పుడు నా అంకెలు వరసగా నాలుగు నెలలు బాగా వచ్చాయి. ఇక మాత్ర ఎందుకు, ఎవరినీ అడగకుండా మానేసి చూద్దామన్న ఆలోచన కలిగి, ఆయనతో అన్నాను. ఆయన ఒలుస్తున్న కాయ పక్కన పెట్టారు. "బందం కాళ్ళకుంది కాబట్టే జారలేదండి. జారలేదు కదా అని చెట్టుమీద బందం ఇప్పేత్తామా?" అన్నారు. నేను జీవితమంతా దృష్టాంతాలు వెతికి సభలకు చెప్పినవాణ్ణి. అంతకన్నా మంచి దృష్టాంతం నాకు దొరకలేదు. ఆ మాత్రను నేటికీ మానలేదు.

ఆయన పోయిన ఐదో రోజున వాళ్ళ అబ్బాయి మళ్ళీ వచ్చాడు. "అమ్మ మాత్ర ముట్టుకోట్లేదండి. నర్సమ్మగారు చెప్పినా ఇనట్లేదండి. మీరొకసారి రావాలండి" అన్నాడు. నేను ఆ పూట మాత్ర వేసుకోకుండా, చొక్కా జేబులో పెట్టుకుని బయలుదేరాను.

ఆవిడ పెరట్లో చెట్ల కింద పీట మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను.

"మైలలో మందు పనికొత్తాదాండి?" అని తానే అడిగింది.

"పనికొస్తుందమ్మా. మైలకూ మందుకూ సంబంధం లేదు."

"ఆయ్," అన్నది. ఇంకా కదలలేదు. "శాస్త్రం గురించి కాదండి. రోజూ ఆయనే తీసి నా చేతిలో పెట్టేవోరు. నాకై నేను ఎప్పుడూ తీసుకోలేదండి" అన్నది.

జేబులోని నా మాత్ర తీసి చూపించాను. "నేనూ వేసుకోలేదమ్మా. కాసిని మంచినీళ్ళు ఇప్పించండి."

ఆవిడ ఉలిక్కిపడింది. "మైలింటి నీళ్ళండి. మీరు పుచ్చుకోరు కదండి."

"ఇవ్వమ్మా" అన్నాను. చావు ఇంట నీళ్ళు తాగడం నా డెబ్బై ఏళ్ళ బతుకులో అదే మొదలు. ఇంటికి వెళ్ళి స్నానం చేయవచ్చు, మడి మళ్ళీ కట్టుకోవచ్చు. ఈ మాత్ర ఈ పూటదే.

ఆవిడ లోపలికి వెళ్ళి రెండు గ్లాసులతో నీళ్ళూ, తన మాత్రా తెచ్చుకుంది. నేను వేసుకుని నీళ్ళు తాగాను. ఆవిడ నా గ్లాసు ఖాళీ అయ్యేవరకూ చూసి, మాత్ర నాలుకమీద పెట్టుకుని, గ్లాసెత్తి తల వెనక్కి వాల్చింది. చూపు కొబ్బరి మొవ్వుల్లోకి పోయింది. నీళ్ళు గొంతు దిగిపోయాక కూడా చాలాసేపు ఆవిడ తల దించలేదు.